మల్లపట్టము: అర్థవిచారము

ఆంగ్లభాషావ్యవహారము గల దేశములందును, జపాను, మెక్సికో దేశములందును "ప్రొఫెషనల్ రెజ్లింగ్" అను పేర నొక మల్లవినోదము చిరకాలమునుండి ప్రసిద్ధమై యున్నది. దానిని మనము వృత్తికుస్తీ యనవచ్చును. అందు మల్లు లిరువురు చతురస్రమగు రంగమునఁ బట్లు పట్టుదురు, పడవేయుదురు, పడుదురు. తుదకు వారిలో నొకఁడు గెలిచెనని రిఫరీ చాటును. కాని యెవఁడు గెలువవలయునో యాటకు ముందే నిర్ణయింపఁబడి యుండును. ఈ సంగతి నేఁడు రహస్యము గాదు. 1989వ సంవత్సరమున నమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రపు సెనేటు నెదుట, ఆ వృత్తియందు మిక్కిలి పెద్దదగు సంస్థయే తన ప్రదర్శనము పోటీ కాదనియు, వినోదార్థ మేర్పఱుపఁబడినదనియు నొప్పుకొనినది. ఒప్పుకొన్న పిదపను ఆట నిలువలేదు.

విచిత్ర మేమనఁగా, ఇట్టి యాటలోను "ఛాంపియన్" అనఁబడు ప్రధానమల్లుఁ డొకఁ డుండును. అతని నడుమునకు లోహపుఁబలకలు గూర్చిన తోలుపట్టె కట్టుదురు. ఏ యేఁట నెవఁడు దానిని ధరించెనో, ఎన్నిదినములు ధరించెనో వ్రాసికొందురు; అతఁడు దానికిఁ దగునా, తగఁడా యని వాదులాడుదురు. జయము ముందే నిర్ణీతమైనప్పుడు జయచిహ్నమున కర్థ మెట్లు కలుగును? ఇది కుందేటికొమ్మువంటి శబ్దమాత్రమా? లేక యీ పదమునకు వేఱొక యర్థము గలదా? స్వతంత్రసంస్థ లని పేరొందిన చిన్నకూటములయందు ఈ పట్టము నడచు తెఱఁగును విచారించినచో, ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానము దొరకునని నాకుఁ దోఁచినది. పదార్థనిర్ణయము మన పత్రికకుఁ బరాయివిషయము కాదు గావున నిచ్చట దానిఁ జర్చించుచున్నాను.

పదవిచారము

ఛాంపియన్ శబ్దము లాటినుభాషలో క్షేత్రవాచకమగు "కాంపుస్" అను పదమునుండి పుట్టినది. క్షేత్రమున నిలిచి పోరువాఁ డని యవయవార్థము. మధ్యయుగమున యూరపుఖండమునఁ గొన్ని వివాదములను ద్వంద్వయుద్ధముచేఁ దీర్చు నాచార ముండెడిది. స్వయముగాఁ బోరఁజాలని స్త్రీలు, వృద్ధులు, మతాధికారులు తమకు మాఱుగా నొక యోధుని నిలుపుచుండిరి. అట్లు పరుల పక్షమున నిలుచువాఁడే ఛాంపియన్. అందఱిని గెలిచినవాఁ డను నర్థము తరువాత వచ్చినది. కావున నీ పదమున "ఒకరికొఱకు నిలుచుట" యను నర్థము పాతది. "గెలుచుట" యను నర్థము క్రొత్తది. ఈ భేదమును జదువరులు మనసున నుంచుకొందురు గాక.

ఇంక మన "పట్టము" శబ్దమును జూతము. సంస్కృతమునఁ బట్టశబ్దము వస్త్రపుఁబట్టెకును, లోహపురేకునకును, పలకకును జెల్లును. నొసటఁ గట్టు బంగారురేకు పట్టము. దానిఁ గట్టుట రాజ్యాభిషేకమున కంగమగుటచే, లక్షణావృత్తిని రాజ్యాధికారమే పట్ట మనిపించుకొన్నది. "ఆతనికిఁ బట్టము గట్టిరి" అన్నప్పుడు నేఁ డెవ్వఁడును రేకును దలఁపఁడు. ఇంగ్లీషున "బెల్టు" అను పదము నిట్టిదే. నడుమునఁ గట్టు తోలుపట్టె దానికి ముఖ్యార్థము. మల్లులలో నగ్రస్థానము లక్ష్యార్థము. రెండుభాషలయందును గట్టుకొను వస్తువు స్థానమునకుఁ బేరైనది. అందుచే ఛాంపియన్‌షిప్పునకు "మల్లపట్టము" అను పేరు తగునని తలఁచి యీ వ్యాసమున వాడుచున్నాను.

మనదేశమున మల్లుల తారతమ్యనిర్ణయము క్రొత్తది కాదు. పండ్రెండవ శతాబ్దిని బశ్చిమచాళుక్యరాజగు మూఁడవ సోమేశ్వరుఁడు రచించిన మానసోల్లాసమున మల్లవినోదప్రకరణము గలదు. అందు జ్యేష్ఠికులు, అంతరజ్యేష్ఠికులు, గోవలులు అని మల్లులకుఁ దరగతులు చెప్పఁబడినవి. తెలుఁగునఁ బ్రసిద్ధమైన "జెట్టి" శబ్దము జ్యేష్ఠిశబ్దభవ మందురు. అచ్చట జ్యేష్ఠత్వము దేహబలమును విద్యను బట్టి యేర్పడునది. అనఁగా నున్నగుణమును దెలుపు పేరు. వృత్తికుస్తీలోని పట్టము అట్టిది కాదు. అది యెట్లు వేఱైనదో తెలియుటకుఁ గొంత పూర్వకథ యవసరము.

పూర్వకథ

1908 ఏప్రిలు 3వ తేదీని షికాగోనగరమున ఫ్రాంక్ గాచ్ అను నమెరికామల్లుఁడు జార్జి హాకెన్‌ష్మిట్టు నోడించి ప్రపంచపట్టమును గొనెను. ఆ పోరు రెండుగంటలసేపు సాగినది. 1910 సెప్టెంబరున లండనునగరమున మన గామాపహిల్వానును, స్తానిస్లాస్ జ్బిష్కో యను పోలండుమల్లుఁడును రెండున్నరగంటలకుఁ బైగాఁ బెనఁగిరి. తీర్పు లేక పోరు నిలిచిపోయినది. మఱల నేర్పఱచిన దినమున జ్బిష్కో రానందున "జాన్ బుల్" పట్టము గామాకు దక్కినది. ఇట్టి పోరులలో గంటలకొలఁది యొకరి నొకరు నేలకదిమి కదలకుండుటయే తఱచు. చూచువారికి విసుగు పుట్టుటయు, ఎప్పుడు ముగియునో తెలియకుండుటయు వర్తకులకుఁ గంటకములైనవి. క్రమముగాఁ బోరుల ఫలితములను ముందుగానే కూర్చు పద్ధతి ప్రబలినది.

ఈ మాఱుదలలో నొక విశేషఘట్టము 1925వ సంవత్సరమున జరిగినది. ఆ యేఁటి జనవరిలో, పట్టధారి యగు ఎడ్ లూయిస్ ఏర్పాటుచొప్పున వేన్ మన్ అను వానికి నోడిపోయెను. మన్ భారీకాయుఁడైన ఫుట్‌బాలాటగాఁడు. కుస్తీవిద్యలో గట్టివాఁడు కాఁడు. జనాకర్షణకై యతనికిఁ బట్టము గట్టిరి. ఏప్రిలు 15వ తేదీని ఫిలడెల్ఫియానగరమున, పూర్వము గామాతోఁ బోరిన యా జ్బిష్కోయే యతని కెదురుగా నిలిచెను. తా నోడిపోవుటకు ఒప్పుకొని వచ్చినవాఁడు రంగమునఁ బ్రవేశింపఁగానే నిజముగాఁ బోరి, మన్నును మరల మరల నేలఁ బడవేసి పట్టమును దీసికొనిపోయెను. ఆడినమాట తప్పుట తప్పే. కాని యా వృత్తివారికి నాఁడొక సత్యము బోధపడినది: పట్టమును గట్టఁగలవాఁడు వర్తకుఁడు, దానిని మోయవలసినవాఁడు మల్లుఁడు. మోయఁజాలనివాని నడుమునఁ గట్టిన పట్టము నిలువదు.

1948వ సంవత్సరమున నయోవారాష్ట్రములోని వాటర్లూ పట్టణమునఁ గొందఱు వర్తకులు చేరి "నేషనల్ రెజ్లింగ్ అలయన్స్" అను సమాఖ్యను స్థాపించిరి. ఒక్కొక్క వర్తకునిది యొక్కొక్క సీమ. అందఱికిఁ బ్రపంచపట్టధారి యొక్కఁడే. 1949 మొదలుకొని చిరకాల మా పట్టమును ధరించిన లూ థెజ్ నిజమైన విద్య గలవాఁడు. ఎదుటివాఁడు మాట తప్పినను దన్నుఁ దాను గాపాడుకొనఁగలవాఁడు. ఆ పట్టధారి సీమనుండి సీమకుఁ దిరుగుచు, ప్రతియూర నచ్చటి మేటిమల్లునితోఁ బోరవలయును. స్థానికుఁడు గెలిచినంత పని చేసెనని జనులు మెచ్చుకొనునట్లు పోరి, తుదకుఁ బట్టమును నిలుపుకొని, మఱుసటియూరికిఁ బోవలయును. అతఁడు వెడలిపోయిన పిదప నా స్థానికుని గౌరవము పెరిగి యుండవలయును. తరువాతికాలమున సమాఖ్యవారు పట్టధారియొద్ద ధరావతు సొమ్ము పుచ్చుకొను నాచార ముండెడిది. దీనినిబట్టి పట్టము బహుమాన మని కాక, ఒకరి చేతి కప్పగింపఁబడిన సొత్తని వారు భావించిరని తెలియుచున్నది. బహుమానమునకు ధరావతు పుచ్చుకొనువా రెవరును లేరు గదా!

1980 దాఁటిన పిదప దూరదర్శనబలముతో నొక్క సంస్థ దేశమంతట వ్యాపింపఁగా సీమల విభాగము కూలినది. 2001వ సంవత్సరమున దానికిఁ బోటీగా నుండిన రెండుసంస్థలు అంతరించినవి. ఒకటి యమ్ముడుపోయెను, రెండవది దివాలా తీసెను. అమెరికాలోఁ బెద్దసంస్థ దాదాపుగా నొక్కటే మిగిలినది. అప్పుడు విద్యయుండియుఁ జోటులేని మల్లులకు శరణ్యమైనవి స్వతంత్రకూటములు.

స్వతంత్రశబ్దము

పెద్దసంస్థలలోఁ జేరక తమ ప్రదర్శనములను దామే నడపుకొను చిన్నకూటములను "ఇండిపెండెంటు" కూటము లందురు. పాఠశాలల వ్యాయామశాలలు, సైనికుల యాయుధాగారములు, వినోదమందిరములు వీరి రంగస్థలములు. కొన్నివందలమంది వచ్చిరేని నిండుసభ. మల్లునకు జీతము లేదు. రాత్రి కింత యని కూలి. తన పేరు గల చొక్కాలను దానే బల్లపైఁ బఱచి యమ్ముకొనును. పలువురు పగటివేళ వేఱొక పని చేసి బ్రదుకుదురు. ఒకే మల్లుఁడు శుక్రవార మొక కూటమునను, శనివారము వేఱొక యూర మఱియొక కూటమునను బోరుట సామాన్యము.

వ్యాకరణమున స్వతంత్రశబ్దమునకు విశేషస్థానము గలదు. పాణిని క్రియయందు స్వతంత్రుఁడైనవానికిఁ గర్తృసంజ్ఞను విధించి, వెనువెంటనే యా కర్తను బ్రేరేపించువానికి హేతుసంజ్ఞను గర్తృసంజ్ఞనుగూడ విధించెను. దేవదత్తుఁడు యజ్ఞదత్తునిచే వంట చేయించుచున్నాఁ డన్నచో, ప్రేరకుఁడు దేవదత్తుఁడు. పొయ్యియొద్ద నిలిచి వండువాఁడు యజ్ఞదత్తుఁడే. చేయించువాఁ డున్నంతమాత్రమునఁ జేయువాని కర్తృత్వము పోదు. వృత్తికుస్తీలో ఫలితములను గూర్చువానిని "బుకరు" అందురు. అతఁడు ప్రయోజకకర్త, మల్లుఁడు ప్రయోజ్యకర్త. "పోరు ముందే నిర్ణీతము గావున మల్లుఁ డేమియుఁ జేయలేదు" అనువారు, చేయించువాఁడు గలఁడు గావున వండువాఁడు లేఁడని చెప్పినట్లు చెప్పుచున్నారు.

వైయాకరణులు ధాతువున కర్థము ఫలమును, వ్యాపారమును నని రెండుగాఁ జెప్పుదురు. వండుటలో బియ్యము మెత్తఁబడుట ఫలము. ఎసరు పెట్టుట, మంట యెగఁద్రోయుట, దింపుట మొదలగునవి వ్యాపారము. "గెలుచు" ధాతువునందు నెదుటివాని భుజములు నేలకు సోఁకి రిఫరీ మూఁడు లెక్కించుట ఫలము. అంతవఱకు జరిగిన పెనఁగులాట, ఎత్తుట, పడుట, ఊపిరి పట్టుట వ్యాపారము. వృత్తికుస్తీలో ఫలము మాత్రమే పరాధీనము. వ్యాపారము మల్లునిది. అఱువదినిమిషములు పోరవలసినచో నా యఱువదినిమిషములును వాని గుండెయే కొట్టుకొనవలయును. పడినచో వాని వీఁపే బల్లలకుఁ దగులవలయును. ఫలమునుబట్టి పట్టమున కర్థము వెదకినవారికి శూన్యము గనుపడుట సహజము. వ్యాపారమునందు వెదకినవారికిఁ గనఁబడుఁ గాని, దానిని వెదకు చోటు వేఱు.

అధికారదృష్టాంతము

సూత్రములు పలువిధములు. వానిలో నధికారసూత్ర మొకటి. తానున్న చోట స్వయముగా వాక్యార్థమును బోధింపక, తరువాతి సూత్రములలోనికి నడచిపోయి వానియం దర్థబోధమునకు సాధన మగునది యధికారము. అష్టాధ్యాయిలోఁ దృతీయాధ్యాయారంభమునఁ జెప్పఁబడిన ప్రత్యయాధికారము పంచమాధ్యాయాంతమువఱకు నడచును. ఆ సూత్రము నొంటిగాఁ జదివినవానికి నేమియుఁ దెలియదు. దాని ప్రయోజనము వందలకొలఁది తరువాతి సూత్రములయందుఁ గలదు.

మల్లపట్టము నిట్టిదే యని నా యభిప్రాయము. పట్టము కట్టిన రాత్రి యది స్వస్థానమున నున్న యధికారసూత్రము. ఆ రాత్రి జయము బుకరుయొక్క యిచ్ఛ. అందువలన మల్లుఁడు మేటి యని సిద్ధింపదు. మఱునాఁటినుండి యా పేరు ప్రతిపోరులోనికి నడచును. గోడపత్రికలో నతని పేరు పైన నచ్చుపడును. ప్రదర్శనమునఁ దుదిపోరు అతనిది. ముందు జరిగిన పోరులకన్న నతని పోరు మిన్న కానిచో సభ్యులు పెదవి విఱిచి పోవుదురు. క్రొత్తవాఁడు వచ్చినచో నతనితోఁ బోరియే పేరు తెచ్చుకొనవలయును. ఈ యనువృత్తి యెంతవఱకు నర్థవంతముగా సాగునో, అంతవఱకే పట్టమున కర్థము. అనువృత్తి లేని పట్టము పెట్టెలోని యినుము.

ఉదాహరణము

ఈ విషయమునకు "రింగ్ ఆఫ్ హానర్" అను కూటముయొక్క తొలియేండ్ల చరిత్ర చక్కని యుదాహరణము. అది 2002 ఫిబ్రవరి 23వ తేదీని ఫిలడెల్ఫియాలోని మర్ఫీ రిక్రియేషన్ సెంటరునఁ దొలిప్రదర్శన మిచ్చినది. పోరునకు ముందును వెనుకను మల్లులు కరగ్రహణము చేయవలెనని దాని నియమము. ఆ యేఁటి జూలై 27వ తేదీని నలువురు మల్లు లఱువదినిమిషములు పోరఁగా, లో-కీ యనువాఁడు తొలిపట్టధారి యయ్యెను. సెప్టెంబరు 21వ తేదీని జేవియర్ దానిని బొందెను. అప్పటి కా పట్టము వయస్సు రెండునెలలు. దాని విలువ యింకను దానిఁ జేయించిన లోహమునకుఁ గొంచె మెక్కువ మాత్రమే.

2003 మార్చి 22వ తేదీని సమోవా జో యను మల్లుఁడు జేవియరు నోడించి పట్టమును ధరించెను. మే 17వ తేదీని లండనునగరమున జీబ్రా కిడ్ అను నింగ్లండు మల్లునితోఁ బోరి దానిని నిలుపుకొనెను. దేశాంతరమునఁ బోరఁబడుటచే నా పట్టమునకుఁ "బ్రపంచపట్ట" మను పేరు గలిగినది. పేరు ముందు పెట్టి పని తరువాతఁ జేయుట సామాన్యమైయుండ, ఇచ్చట పని తరువాతఁ బేరు వచ్చినది. అతఁడు 2004 డిసెంబరు 26వ తేదీవఱకు, అనఁగా 645 దినములు దానిని ధరించెను.

ఆ కాలమున జరిగిన పోరులలో మూఁడు ముఖ్యములు. సి. ఎం. పంక్ అను మల్లుఁడు 2004 జూన్ 12వ తేదీని డేటన్ పట్టణమున జోతో నఱువదినిమిషములు పోరెను. కాలము ముగిసినది గాని తీర్పు లేదు. అక్టోబరు 16వ తేదీని షికాగో రిడ్జి యను నూర మఱల నఱువదినిమిషములు. మఱల తీర్పు లేదు. డిసెంబరు 4వ తేదీని మూఁడవపోరున జో గెలిచెను. రెండవపోరునకు "రెజ్లింగ్ అబ్జర్వర్" అను వార్తాపత్రిక యైదుచుక్కల మెప్పు నిచ్చినది. 1997 తరువాత నుత్తరామెరికాలో జరిగిన పోరునకు దాని మెప్పు అంతవఱకు దక్కలేదు. చదువరు లిచ్చట నొక విశేషము గమనింపవలయును. ఈ మెప్పు ఫలము లేని పోరునకు వచ్చినది. గెలిచినవాఁడు లేఁడు, ఓడినవాఁడు లేఁడు. వ్యాపారము మాత్రమే కలదు. జో గెలువకయుఁ బట్టమును గొప్ప చేసెను. పంక్ గెలువకయు దానికిఁ దగినవాఁ డని సిద్ధించెను. ఫలమే పట్టమున కర్థమైనచో నా రెండురాత్రులు వ్యర్థములు గావలసియుండెను.

తుదకు జో ఫిలడెల్ఫియాలో ఆస్టిన్ ఏరీస్ అను యువకునకు నోడిపోయెను. ఆ యోటమి యా 645 దినములలోఁ గడపటి కర్తవ్యము. ఇరువదియొక్క నెలలు నిలిచినవానిని బడఁగొట్టినవాఁడు కావుననే ఏరీసు మఱునాఁటినుండి మేటి యయ్యెను. అల్పకాలము ధరించిన వానినుండి తీసికొన్నచో నా గౌరవము రాదు. పట్టధారి కూడఁబెట్టిన దంతయు నోటమిరాత్రి యొకనికి ధారవోయును. నిలుపుకొనుట కంటె నిచ్చుట యిచ్చట ముఖ్య మనుటకు నిది నిదర్శనము.

మఱుసటి యేఁడు, 2005 జూన్ 18వ తేదీని, పంక్ ఏరీసు నోడించి పట్టమును బొందెను. అతఁడు పెద్దసంస్థకుఁ బోవుట యప్పటికే నిశ్చితము. జయము పొందిన రాత్రియే యతఁడు పట్టమును బల్లగాఁ జేసికొని దానిపైఁ బెద్దసంస్థ యొడంబడిక పత్రమును బెట్టి చేవ్రాలు చేసెను. ఇది ప్రదర్శనములోని భాగమే. కాని సభ్యుల రోషము నిజమైనది. తమ కొఱకు నిలువవలసినవాఁడు తమ పట్టమును బల్లపలకగా వాడెనని వారికిఁ దోఁచినది. ఛాంపియన్ శబ్దముయొక్క పాతయర్థ మిచ్చట మేల్కొనుచున్నది. చిన్నకూటపు పట్టధారి యా మందిరమున నున్న కొన్నివందలమంది పక్షమున నిలుచువాఁడు. అతఁడు పట్టముతో వెడలిపోవునేమో యను వెఱపు వేసవి యంతయు నడచి, ఆగస్టు 12వ తేదీని జేమ్స్ గిబ్సన్ దానిని దీసికొనుటతోఁ దీఱినది.

2005 సెప్టెంబరు 17వ తేదీని బ్రయన్ డేనియల్సన్ గిబ్సను నోడించి 462 దినములు పట్టమును ధరించెను. 2006 ఆగస్టు 12వ తేదీని లివర్‌పూల్ నగరమున నైజెల్ మెగిన్నిస్ అను నింగ్లండు మల్లునితోఁ బోరి, ఆ కూటముననే యున్న "ప్యూర్" పట్టమును దన పట్టమునఁ గలిపివేసెను. ఆ నెలలోనే యతని భుజమునకు గాయమైనది. అయినను సెప్టెంబరు 16వ తేదీని న్యూయార్కునగరమున జపానుమల్లుఁ డగు కెంటాతోఁ బోరెను. డిసెంబరు 23వ తేదీని హోమిసైడ్ అను మల్లునకు నోడి పట్టమును విడుచువఱకు రంగమును వదలలేదు. నిర్ణయింపఁబడిన జయమునకు నిర్ణయింపఁబడని నొప్పి తోడైనది.

ఆక్షేపములు, సమాధానములు

మొదటి యాక్షేపము: పట్టెను జేయించుటకు ధనము గలవాఁ డెవఁడైనను బట్టమును సృష్టింపవచ్చును. ప్రతికూటమునకు నొక పట్టము, రెండు పట్టములు గలవు. ఇందఱు మేటులైనప్పుడు మేటి యను పదమున కర్థ మేమి? ఇది యతివ్యాప్తిదోషమును జూపు నాక్షేపము. సమాధాన మేమనఁగా, అధికారసూత్రమును వ్రాయుట యెవనికైనను సాధ్యమే. దాని వెనుక సూత్రములు లేనిచో నది శాస్త్రము కాదు. పట్టము సృష్టింపఁబడుట వేఱు, సిద్ధించుట వేఱు. తరువాతి పోరులును, మరల వచ్చు సభ్యులును దానికిఁ బ్రమాణము. ప్రమాణము లేని పట్టములు పుట్టినవి పుట్టినట్లే మఱవఁబడుచున్నవి.

రెండవ యాక్షేపము: అసత్యమని తెలిసియు సభ్యులు నమ్మినట్లు కేకలు వేయుట భ్రాంతి గాదా? కాదు. తార్కికులు "ఆహార్యజ్ఞాన" మని యొకదానిఁ జెప్పుదురు. బాధకజ్ఞాన ముండఁగనే బుద్ధిపూర్వకముగాఁ దెచ్చుకొను జ్ఞానమది. ముఖము చంద్రుఁడు గాదని తెలిసియు ముఖచంద్రుఁ డను రూపకము నాస్వాదించువాఁడు భ్రాంతుఁడు గాఁడు. కుస్తీసభ్యుఁడు నట్లే. అయితే యిచ్చట రూపకమున లేని విశేష మొకటి గలదు. నాటకమున రాజపాత్ర ధరించినవాఁడు తెఱ దిగఁగానే రాజు గాఁడు. కాని యా నాటకసమాజమునఁ బ్రధానపాత్రలు వేయువాఁ డను గౌరవము తెఱవెనుకను నిజమే. పట్టధారి "అందఱిని గెలిచినవాఁడు" అనుట యాహార్యము. "కూటము తన భారమును మోపుటకు నమ్మినవాఁడు" అనుట యథార్థము. ఒక్కపట్టెయే రెండర్థములను దెలుపుచున్నది. మొదటి యర్థము సభ్యుల వినోదమునకు. రెండవది మల్లుని జీవితమునకు. తోడిమల్లుల కనులలో రెండవదే పట్టము.

మూఁడవ యాక్షేపము తక్కిన రెండింటికంటెఁ గఠినమైనది. భారము నిజమైనదని యంగీకరించినను, అంతటి భారమునకుఁ దగిన ప్రతిఫల మేది? గాయమైనప్పుడు రాత్రికూలి యేపాటిది? ఈ యాక్షేపమును నేను ఖండింపఁజాలను. డేనియల్సన్ 2014 ఏప్రిలు 6వ తేదీని న్యూ ఆర్లియన్సునగరమునఁ బెద్దసంస్థ యగ్రపట్టమును బొందెను. 2016 ఫిబ్రవరిలోఁ దలకు మరల మరల దెబ్బలు తగిలిన కారణమున రంగమును విడువవలసి వచ్చెను. రెండేండ్లకు వైద్యుల యనుమతితో మరల వచ్చెను గాని, అట్లు మరల రాలేనివారు పెక్కండ్రు. పంక్ పెద్దసంస్థలో 434 దినములు, 2013 జనవరివఱకు, పట్టధారి యయ్యెను. జో 2023 డిసెంబరు 30వ తేదీని "ఆల్ ఎలీట్ రెజ్లింగ్" అను సంస్థ ప్రపంచపట్టమును బొందెను. చిన్నమందిరములలోఁ జేసిన వ్యాపారము వీరికిఁ బెద్దఫలము నిచ్చినది. ఈయని వారును గలరు. కావున మల్లపట్టమును గొనియాడువారు దాని వెల నెవరు చెల్లించుచున్నారో మఱవరాదు. భుజములును, మెడయు, తలయు బుకరువి కావు.

నిగమనము

పై విచారమువలన మల్లపట్టమునకు లక్షణ మిట్లు చెప్పవచ్చును: నిర్ణీతజయముచే నారోపింపఁబడి, ధరించినవాని తరువాతి వ్యాపారముచేతనే యర్థవంతమై, మఱియొకనికి సంక్రమించుటచే సఫల మగు నధికారము మల్లపట్టము. జయముచే నారోపింపఁబడినది యనుటచే బిరుదమాత్రము తొలఁగినది. తరువాతి వ్యాపారముచే నర్థవంత మనుటచే, ఎవఁడో చేయించి యెవని నడుముననో కట్టిన వట్టిపట్టె తొలఁగినది. సంక్రమణముచే సఫల మనుటచే, ఓటమి యిష్టము లేక పట్టముతోఁ బాఱిపోవువాని ధారణము తొలఁగినది.

రింగ్ ఆఫ్ హానర్ కూటము 2011లో సింక్లెయిర్ అను ప్రసారసంస్థ చేతికిని, 2022లో టోనీ ఖాన్ అనువాని చేతికిని బోయినది. ఇప్పు డది పెద్దధనమునకు లోఁబడినది గావున దానిని స్వతంత్ర మనుట పొసఁగదు. అయినను జో 645 దినములును, డేనియల్సన్ 462 దినములును బోరిన పోరులయర్థము దానితో మాఱలేదు. అధికారము నివృత్తమైనను, అది నడచిన సూత్రముల యర్థము నివృత్తము గాదు. పట్టె చేతులు మాఱుచుండును. ఒకఁడు ధరించిన కాలమున నే పోరులు జరిగినవో, ఎవరు పైకి వచ్చిరో, ఎవరు మరల చూడవచ్చిరో యది యాతనిదిగా నుండిపోవును.